ఆగిపోయిన నీళ్ల ఆట

పాలమూరు బస్టాండు వెనక సందులో, మెట్లెక్కి పోతే ఒక పొడవాటి గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. తొంభైల నడుమ ఆ గదిని చెక్కలతో రెండు చేసి, ఒక పక్క టైపు మిషన్లు ఉంచి, రెండో పక్క అయిదు కంప్యూటర్లు పెట్టారు. ఆ రెండో పక్క నేను పాఠాలు చెప్పేదాన్ని. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఆరు నెలల కోర్సు చేసి వచ్చాను. నాకు తెలిసింది కొంచెమే గానీ, అంతకన్నా తెలిసినవాళ్లు ఆ సందులో ఎవరూ లేరు.

అక్కడే నేనూ, నారాయణపేట నుంచి వచ్చిన ఒక చేనేత మనిషీ కలిసి ఒక వీడియో గేమ్ రాశాం. అది పూర్తి కాలేదు. ఆటలో నాలుగు మెట్లు, అంటే నాలుగు లెవెళ్లు, అయ్యాక వద్దన్నారు, ఆగిపోయింది. పూర్తయి ఉంటే మంచి ఆట అయ్యేదా కాదా అని ఆ తర్వాత ఏళ్ల తరబడి నాలో నేనే వాదించుకున్నాను. ఎవరికైనా చెబితే "అయ్యో, ఎంత బాగుండేదో" అనేవాళ్లు. చూడనిదాన్ని మెచ్చుకోవడం సులువు. నేను చూశాను కాబట్టి నాకు అంత సులువు కాలేదు.

ఇన్‌స్టిట్యూట్ నడిపే పెద్దాయనను అందరం సాబ్ అనేవాళ్లం. అరవై దాటిన మనిషి. జిల్లా ఆఫీసుల్లో టైపు కొట్టేవాళ్లలో చాలామంది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. కంప్యూటర్ ముందు మాత్రం ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని మా వెనక నిలబడి చూసేవారు. ఎవరైనా కీలను గట్టిగా కొడితే ఊరుకోలేకపోయేవారు. "ఆహిస్తా, ఆహిస్తా! అది టైపు మిషన్ గాదు" అనేవారు.

నారాయణపేట ఆయన అప్పటికి నలభైలో పడ్డాడు. చీరల అంచులకు బొమ్మలు గీయడం అతని పని. ఇకమీదట డిజైన్లన్నీ కంప్యూటర్‌లోనే గీస్తారట అని వాళ్ల ఊళ్లోని నేతవాళ్ల సంఘానికి ఎవరో చెప్పారు. మూడు నెలలు నేర్చుకుని రమ్మని వాళ్లు ఇతన్ని పంపారు. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేవాడు. క్లాసులో మిగతావాళ్లంతా అతని సగం వయసువాళ్లు. మొదటిరోజు నన్ను మేడం అన్నాడు. వారం తిరిగేసరికి చెల్లె అయ్యాను. నేను అన్నా అనేదాన్ని.

మొదటిరోజు తెర వంక కాసేపు చూసి అడిగాడు.

"మేడం, దీంట్ల బొమ్మ ఎట్ల గీస్తరు?"

"గీసుడు కాదన్నా. ఒక్కొక్క చుక్క మనమే చెప్పాలె. ఏ వరుసల, ఎన్నో గడిల, ఏ రంగు అని."

అతను నవ్వి సంచిలోంచి ఒక గళ్ల కాగితం తీశాడు. దాని మీద గళ్లు నింపి చేసిన మామిడి పిందె ఉంది, చీర అంచు కోసం గీసింది. "గదే గద మేం జేసేది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుని, నింపిన గడికి ఒకటి, ఖాళీ గడికి సున్నా కొట్టుకుంటూ పోయాను. చివర ఒక మీట నొక్కితే తెర మీద మామిడి పిందె వచ్చింది. కంప్యూటర్ గురించి నేను చెప్పిన పాఠాలన్నిట్లో ఇంత తొందరగా అర్థమైన విద్యార్థి ఇంకొకరు లేరు. అసలు సంగతేమంటే ఆ రోజు అర్థమైంది నాకు. కోర్సులో వాళ్లు నేర్పింది ఇదా అనుకున్నాను.

అయిదింటిలో ఒక్కదానికే రంగుల తెర ఉండేది. ఆ రంగులు కూడా నాలుగే. నలుపు, తెలుపు, ఒక తేలిక నీలం, ఒక గులాబీ.

"గీ నాలుగేనా?" అన్నాడు అన్న, మనసు చిన్నబుచ్చుకుని.

మర్నాడు వచ్చేసరికి దానికీ ఒక ఉపాయం తెచ్చాడు. పడుగు ఒక రంగుదీ పేక ఇంకో రంగుదీ వేసి నేస్తే, దూరం నుంచి చూసేవాళ్లకు మూడో రంగు కనిపిస్తుంది. అట్లాగే గడి విడిచి గడిలో నీలమూ గులాబీ పెట్టి చూడమన్నాడు. పెట్టాం. అయిదు అడుగుల దూరం నిలబడితే వంకాయ రంగు. సాబ్‌ను పిలిచి చూపిస్తే ఆయన ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు నడిచారు.

ఆ ఎండాకాలం మొదట్లో హైదరాబాదు నుంచి ఒక పుస్తకాల వ్యాపారి వచ్చాడు. బడులకు కంప్యూటర్ పాఠ్యపుస్తకాలు అమ్ముకుంటూ తిరిగేవాడు. పుస్తకంతో పాటు ఒక ఫ్లాపీలో తెలుగు ఆట ఏదైనా ఇస్తే బాగుంటుంది, బడులు తెరిచేలోపు చేసి ఇవ్వగలరా అని సాబ్‌ను అడిగాడు. సాబ్ మా ఇద్దరి వంకా చూశారు. నేను ఒప్పేసుకున్నాను. ఎట్లా చేయాలో తెలియదు. కానీ చేయలేనని అనడానికి నోరు రాలేదు.

అప్పుడు మా పిల్లలంతా ఆడే ఆట ఒక్కటే. ఎవరో ఎక్కడినుంచో తెచ్చిన ఫ్లాపీలో ఓడలు వచ్చేవి, వాటిని కాల్చాలి.

"మనం గూడ ఓడలే పెడదామా అన్నా?"

"ఓడలు నేనెన్నడు సూడలే చెల్లె. బిందెలైతె గీస్త."

తమాషాకు అన్న మాటే అది. కానీ ఆ ఏడాది నల్లాలు మూడు రోజులకోసారి వస్తున్నాయి. మా ఊరు పాలమూరుకు దగ్గరే. మా అమ్మ పొద్దున నాలుగు బిందెలు మోసి గానీ వేరే పని ముట్టేది కాదు. అన్న వాళ్ల ఇంట్లోనూ అంతే. అతను ఆ మాట అన్నాక ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. ఆట దొరికింది.

ఆట ఇది. ఒక ఊరి సందులు పైనుంచి కనిపిస్తాయి. తల మీద బిందెతో ఒకామె. బాణం గుర్తు కీలతో ఆమెను నడిపించాలి. నల్లా దగ్గర నింపుకుని ఇంటికి తేవాలి. మెల్లగా నడిస్తే నీళ్లు నిలుస్తాయి, ఉరికితే తొణుకుతాయి. మెల్లగానే పోదామంటే నల్లా బందయిపోతుంది. దారిలో మేకలు, సైకిళ్లు, మోరీలు. మొదటి మెట్టులో నల్లా సందు చివర ఉంటుంది. రెండో మెట్టులో నల్లా ఎండిపోయి బోరింగ్ దాకా పోవాలి. మూడోదాంట్లో ఊరవతల బావి. నాలుగోది ట్యాంకర్. మెట్టు పెరిగిన కొద్దీ నీళ్లు దూరం పోతుంటాయి.

ఆటలో పొద్దుగూకాక ఒక కొత్త తెర వచ్చేది. ఇల్లు లోపలి నుంచి కనిపించేది. తెచ్చిన నీళ్లు ఎవరికి సరిపోయాయి, ఎవరికి చాలలేదు అనేది అక్కడ తెలిసేది. తాగడానికి, వంటకు, బర్రెకు, స్నానాలకు. మిషన్‌కు తెలుగు రాదు కాబట్టి ఆ మాటల్లో ప్రతి అక్షరం అన్న గళ్ల కాగితం మీద గీసి ఇచ్చాడు. నీళ్లు చాలకపోతే బర్రె మొహం అటు తిప్పుకునేది. ఆ బొమ్మ చూసి టైపు పక్క నుంచి కూడా పిల్లలు వచ్చి నవ్వేవాళ్లు.

సాబ్ నవ్వలేదు. వెనక నిలబడి ఒక రోజంతా చూసి అడిగారు.

"గీ ఆటల గెలుసుడు ఎట్ల?"

"గెలుసుడు లేదు సాబ్. నీళ్లు తెచ్చుడే."

"తెచ్చినంక?"

"మల్ల తెల్లారి నల్లా వస్తది."

"గట్లయితె ఎవ్వలాడుతరమ్మా? ఆట అన్నంక ఆఖరుకు ఒక్కసారన్న సంతోషం కావాలె గద."

అన్న చెప్పడానికి ప్రయత్నించాడు. "ఇంట్ల అందరికి నీళ్లు సరిపోయినయంటె గదే సంతోషం సాబ్" అన్నాడు. సాబ్ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఆ ప్రశ్న మాత్రం మా దగ్గర పెట్టి పోయారు.

ఒకనాడు మధ్యాహ్నం మా అమ్మ కండ్లు చూపించుకోవడానికి దవాఖానకు వచ్చి, నాతో కలిసి ఇంటికి పోవచ్చని ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి ఆట పెట్టాను. ఏ కీ నొక్కితే ఎటు పోతుందో చెప్పాను. తెర మీద బిందె, నల్లా చూసి ఆమె నా వంక తిరిగింది.

"గీ పని పొద్దుగాలనే జేసి వచ్చిన బిడ్డా. మల్ల గీడ గూడనా?"

అన్న గట్టిగా నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది, కానీ లేవలేదు. ఒక్క వేలితో కీ నొక్కి నడిపించింది. పిల్లలందరూ ఉరికించేవాళ్లు. అమ్మ ఉరికించలేదు. సందు మలుపు వచ్చిన ప్రతిసారీ వేలు తీసి ఒక్క క్షణం ఆగేది.

"ఎందుకాగుతున్నవ్ అమ్మా?" అని అన్న అడిగాడు.

"మూల మలుగుడు ఒక్కసారె అయితదా? నెత్తి మీద బరువున్నంక ఆగి మలగాలె. లేకుంటె మెడ గుంజదా?"

మేం ఆ ఆటలో మలుపు దగ్గర నీళ్లు ఎక్కువ తొణకాలని ఎక్కడా రాయలేదు. ఆగినా ఆగకున్నా ఒకటే. అమ్మ ఆగింది మా ఆట కోసం కాదు. ఆ సాయంత్రమే కూర్చుని మలుపుల లెక్క రాశాను.

నల్లా నుంచి నిండు బిందెతో కదిలాక అమ్మ మళ్లీ ఆపింది.

"రెమ్మ ఏది?"

"ఏం రెమ్మ?"

"నిండు బిందెల నాలుగు యాపాకులేస్తె నీళ్లు తొణకయి. గది గూడ ఎరుకలేదా మీకు? గింత సదువుకున్నరు."

నాకు ఎరుకే. చిన్నప్పటి నుంచీ బిందెల్లో ఆకులు తేలుతుంటే చూస్తూనే ఉన్నాను. అది ఎందుకు వేస్తారో మాత్రం ఎన్నడూ అడగలేదు. మరుసటి రోజు అన్న రెండు సందుల కూడలిలో ఒక వేపచెట్టు గీశాడు. అక్కడికి పోయి రెమ్మ తెంపుకుంటే నీళ్లు తొణకడం సగానికి తగ్గుతుంది. కానీ పోయి వచ్చేదాకా నల్లా మన కోసం ఆగదు, బందయిపోవచ్చు. ఆ ఒక్క మార్పుతో ఆట అంతా వేరయింది. అప్పటిదాకా కీలు నొక్కే పిల్లలు, అప్పటి నుంచి నొక్కే ముందు ఆలోచించడం మొదలుపెట్టారు. చెట్టు దగ్గరికి పోవాలా వద్దా అని ఇద్దరు పిల్లలు కొట్లాడుకున్నంత పని చేశారు.

అమ్మ ఆ రోజు దాదాపు గంటసేపు ఆడింది. ఆ తర్వాత ఎప్పుడు ఈ ఆట మంచిదా కాదా అనుకున్నా నేను ముందు తలుచుకునేది ఆ గంటనే.

ఇంకొకరి సంగతి కూడా చెప్పాలి. టైపు నేర్చుకునే ఒక అమ్మాయి ఉండేది. వాళ్లన్న స్కూటర్ మీద దింపిపోయి, మళ్లీ వచ్చి తీసుకుపోయేవాడు. అతను రావడం ఆలస్యమైతే ఆమె కింద సందులో నిలబడకూడదు, పైనే కూర్చోవాలి. అట్లాంటప్పుడు రంగుల మిషన్ ఖాళీగా ఉంటే ఆట పెట్టుకునేది. మూడు నాలుగు రోజులు చూశాను. ఆమె నల్లా వైపు పోదు. బిందె నింపదు. ఖాళీ బిందెతో ఈ సందు నుంచి ఆ సందుకు తిరుగుతూ ఉంటుంది.

"నీళ్లు పట్టుకుంటలేవేంది?" అని అడిగాను.

"పట్టుకుంట అక్కా. జర సేపు ఊకెనె తిరుగుతున్న."

"ఏడికి?"

"ఏడికని లేదు. ఆ చివరి సందు దాక పోయి సూస్తున్న." తెర మీద నుంచి చూపు తిప్పకుండానే అంది. "ఎవ్వలు అడుగుతలేరు గదక్కా, యాడికి బోతున్నవని."

ఈ మాట నారాయణపేట అన్నకు చెప్పాను. అతనికి ఇద్దరు ఆడపిల్లలు. రెండు రోజుల తర్వాత కొత్త కాగితాలు తెచ్చాడు. మూడో మెట్టు ఊళ్లో ఇంకో మూడు సందులు. వాటిలో నీళ్లు లేవు, చెట్టు లేదు, ఆటకు పనికొచ్చేది ఏదీ లేదు. ఒక గాజుల దుకాణం, గోడ మీద ఒక పిల్లి, ఒక ఇంటి ముందు పెద్ద ముగ్గు. ఆ ముగ్గు మాత్రం ఏ చీర కొంగులోనైనా వేయదగ్గట్టుగా ఉంది.

"గివి ఎందుకు?" అని సాబ్ అడిగారు.

"ఊకెనె సాబ్" అన్నాడు అన్న.

ఇంతవరకు చెప్పింది వింటే ఆట చాలా బాగున్నట్టే ఉంటుంది. కానీ బాగులేనివి కూడా నాకు గుర్తున్నాయి. బొమ్మ కదిలినప్పుడల్లా తెర మినుకుమనేది, ఎక్కువసేపు చూస్తే తల నొచ్చేది. మూడో మెట్టు తెరుచుకోవడానికి పట్టే సమయంలో పిల్లలు కిందికి పోయి నీళ్లు తాగి వచ్చేవాళ్లు. నాలుగో మెట్టు అసలు కుదరనే లేదు. ట్యాంకర్ వచ్చినప్పుడు గుంపు తోసుకోవాలి. మా మిషన్ ఆరుగురికి మించి మనుషులను కదిలించలేకపోయింది. ఆరుగురు మర్యాదగా వరుసలో నిలబడి నీళ్లు పట్టుకునేవాళ్లు. ట్యాంకర్ దగ్గర నిలబడ్డవాళ్లెవరూ దాన్ని చూసి నమ్మరు. నేను రాసినదాంట్లో అన్నిటికన్నా పెద్ద అబద్ధం అదే.

బడులు తెరిచే ముందు వ్యాపారి వచ్చాడు. రెండు నిమిషాలు ఆడాడు. మేకకు తగిలి నీళ్లన్నీ ఒలికిపోతే కుర్చీ వెనక్కి జరిపాడు.

"మంచిగనే చేసిన్రు మేడమ్. కానీ బడులోళ్లు ఇప్పుడు కొత్త మిషన్లు కొంటున్నరు, సీడీలు అడుగుతున్నరు. గీ నాలుగు రంగుల ఆట జూపిస్తె పాతదంటరు. ఈ ఏడు వద్దు తీయుండ్రి" అన్నాడు. మెట్లు దిగబోతూ మళ్లీ ఆగాడు. "ఏమనుకోకుండ్రి. పిల్లలకు నీళ్లు మోసుడు ఆటనా? వాళ్ల అమ్మానాయినలు నన్ను ఏమంటరు?"

కోపం రావాల్సింది. రాలేదు. నాలుగో మెట్టు చూడలేదు కదా, బతికిపోయాం అనిపించింది. ఆ సంగతి అన్నకు అప్పుడు చెప్పలేదు.

సాబ్ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. కొత్త బ్యాచ్‌కు రంగుల మిషన్ కావాలి, ఇక రోజూ వాడుకోనివ్వలేను అన్నారు. "ఐతారం రాండ్రి. తాళం ఇస్త. నాకైతె పసంద్ వచ్చింది గీ ఆట. గెలుసుడు ఎట్లనో నాకు ఇంకా తెలువదు గానీ" అన్నారు.

అంటే దారి మూసుకుపోలేదు. తాళం మా చేతికే ఇచ్చారు. ఈ మాట నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు. "వాళ్లు ఆపేశారు" అని చెప్పి అక్కడితో ముగించేదాన్ని.

రెండు ఆదివారాలు పోయాం. అన్న మూడు నెలల చదువు అప్పటికే అయిపోయింది. అయినా ఆట కోసమని నారాయణపేట నుంచి బస్సెక్కి వచ్చాడు. మూడో ఐతారానికి నాకు నల్గొండలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది. ఫ్లాపీలు రెండూ సంచిలో వేసుకుని పోయాను. అక్కడ పూర్తి చేస్తానని అన్నకు మాట ఇచ్చాను.

నాలుగు నెలల తర్వాత అన్న నల్గొండకు వచ్చాడు. చెప్పి రాలేదు, చెప్పడానికి ఫోన్లు ఎక్కడివి. హైదరాబాదు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. చంకలో కాగితాల చుట్ట. ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని టేబుల్ మీద పరిచాడు. అయిదో మెట్టు. ఆఖరుది.

వాన. ఊరంతా వాన. వాన చినుకుల కోసం పడుగు పోగుల్లాగా సన్నటి నిలువు గీతలు గీశాడు. ఆమె చేతిలో బిందె లేదు. ఇంటి చూరు కింద గిన్నెలు, బకెట్లు, గంగాళం పెట్టాలి. అవి వాటంతట అవే నిండుతాయి. ఆమె గడప మీద కూర్చుంటుంది. అన్నీ నిండినాక ఆట అయిపోతుంది.

"సాబ్ అడిగిండు గద, ఆఖరుకు ఒక్కసారన్న సంతోషం కావాలెనని. గిది" అన్నాడు.

చాలా అందంగా ఉంది. నేను ఆ మాటే అన్నాను. తర్వాత ఇట్లా అన్నాను. "ఈడ మిషన్ల మీద ఆటలు రాయనియ్యరన్నా."

అది నిజమే కావచ్చు. నేను ఎవరినీ అడగలేదు. కొత్త ఉద్యోగం, కొత్త ఊరు, సాయంత్రానికి వేళ్లు నొచ్చేవి. నాలుగో మెట్టు మొత్తం తీసి మళ్లీ రాయకుండా అయిదోది కలపలేమని నాకు తెలుసు. ఆ పని తలుచుకుంటేనే నీరసం వచ్చేది. ఇవేవీ చెప్పకుండా రాయనివ్వరని ఒక్క మాటతో తప్పించుకున్నాను.

అన్నకు అర్థమైంది. కాగితాలు మెల్లగా చుట్టి దారం కట్టాడు. "ఫికర్ జేయకు చెల్లె. పని సూస్కో" అన్నాడు. మూడు గంటల బస్సుకు వెళ్లిపోయాడు. అతను పోయాక నాకు బాధ కన్నా ముందు కలిగింది తేలిక. ఆ తేలికను తలుచుకుంటే ఇప్పటికీ తలెత్తుకోలేను. హైదరాబాదు వ్యాపారి ఒకసారి ఆపితే, రెండోసారి ఆపింది నేను.

మరుసటి ఏడాది ఫ్లాపీలు పెట్టి చూస్తే ఒకటి చదవలేదు. రెండోదాంట్లో మొదటి మెట్టు మాత్రం తెరుచుకుంది. నల్లా దాకా పోయి ఆగిపోయింది.

అప్పటి నుంచే నాకు ఆ వాదం పట్టుకుంది. మంచి ఆటే అయ్యేది, మా అమ్మ గంటసేపు ఆడలేదా అని సర్దిచెప్పుకునేదాన్ని. అమ్మతో కూడా ఒకసారి అన్నాను. ఊరికి పోయినప్పుడు బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని అడిగాను.

"అమ్మా, ఆనాడు మా బిందెల ఆట ఆడితివి గద. ఎట్లుండె?"

అమ్మకు గుర్తు రావడానికి కాసేపు పట్టింది.

"గదా? నువ్వు నా పక్కపొంటి నిలబడి నా మొఖమే సూస్తుంటివి. లేస్తె నీకు నారాజ్ అయితదని కూసున్న. మోకాళ్లు ఒక్కటె గుంజుడు."

అమ్మ బియ్యంలో రాయి ఏరి పడేసి, నా మొహం చూసి, "అయితె బిందె మోసే ఆ పిల్ల నడిచేది మంచిగుండె. నడుము నిలువుగ పెట్టి నడిచేది" అంది. అది నన్ను ఊరుకోబెట్టడానికి అన్నదో, నిజంగానే అన్నదో తెలియలేదు. అన్న గీసిన ఆ బొమ్మ ఎత్తు పదహారు చుక్కలు. అందులో నడుముకు వచ్చింది రెండు చుక్కలు. ఆ రెండు చుక్కలను అమ్మ చూసిందంటే నమ్మాలనే ఉంది.

నల్గొండకు పోయిన నాలుగేళ్లకు, మా పిన్ని కూతురి పెండ్లికి చీరలు కొనడానికి వానాకాలంలో నారాయణపేట పోయాం. వాళ్లు దుకాణంలో చీరలు తీయిస్తుంటే నేను అడుక్కుంటూ అన్న ఇల్లు పట్టుకున్నాను. వెంట్రుకలు సగం నెరిశాయి. నన్ను చూసి "చెల్లె!" అని లేచి, ఇంట్లోకి కేకేసి చాయ్ పెట్టమన్నాడు. సంఘం వాళ్లు కంప్యూటర్ కొననే లేదట. అతను ఇప్పటికీ గళ్ల కాగితం మీదే గీస్తున్నాడు.

నల్గొండ క్యాంటీన్ సంగతి నేనే ఎత్తాను. "ఆనాడు నీకు అబద్ధం చెప్పిన అన్నా. మిషన్ అడగనే లేదు. నాకు చాతగాక అట్లన్న" అన్నాను.

"ఎరుకె" అన్నాడు. అంతే అన్నాడు. తిట్టినా బాగుండేది.

చాయ్ తాగుతూ, ఇన్నేళ్లుగా నాలో తిరుగుతున్న మాట అడిగాను.

"నువ్వే చెప్పన్నా. పూర్తిగ జేసి ఉంటె మన ఆట మంచిగ అయ్యేదా?"

అతను గ్లాసు కింద పెట్టాడు.

"కాకపోతుండె చెల్లె."

"నాలుగో మెట్టు వల్లనా?"

"నాలుగోది కాదు. అది నీ మిషన్ తప్పు. అయిదోది. అది నా తప్పు." లేచి నన్ను లోపలికి రమ్మన్నాడు. లోపల గుంట మగ్గం ఉంది. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తారు. ఆ గుంట అడుగున చీలమండ లోతు నీళ్లున్నాయి. పక్కన ఒక చెంబు, ఒక బకెట్. "సూడు. ఆన పడ్డదంటె గుంతల నీళ్లు ఊరుతయి. నేసుడు బంద్. మా ఇంటామె పొద్దుగాల నుంచి ఎత్తిపోస్తనే ఉంటది. ఎండకాలమంత నీళ్లు మోసుకొస్తది, ఆనకాలమంత ఎత్తిపోస్తది. నేనేమో ఆనొస్తె ఆమె గడప మీద కూసుంటదని బొమ్మ గీసిన. నా ఇంట్ల నేనె సూడలే."

నేను గుంట అంచున నిలబడి ఆ నీళ్లు చూస్తున్నాను. నా నోట మాట ఆగలేదు.

"అన్నా, అట్లయితె అయిదో మెట్టు గిదే కావాలె. అదే బిందె. కానీ లోపలి నుంచి బయటికి. నాలుగు మెట్లు నీళ్లు తొణకొద్దని జూసినోళ్లు, అయిదోదాంట్ల నీళ్లు పారబోసేతందుకు ఉరుకుతరు."

అన్న నా వంక చూశాడు. మామిడి పిందె తెర మీదికి వచ్చిన రోజు నవ్వినట్టే నవ్వాడు.

"గిది మంచిగున్నది" అన్నాడు. తర్వాత, "రాస్తవా?" అన్నాడు.

ఈసారి అబద్ధం చెప్పదలుచుకోలేదు. "రాయనన్నా. నాతోని కాదిప్పుడు" అన్నాను.

"సరె" అన్నాడు. అతని భార్య చెంబు తీసుకుని గుంట దగ్గరికి వచ్చింది. నేను బకెట్ అందుకున్నాను. వద్దు వద్దు అంటూనే ఆమె పక్కకు జరిగింది. ఆమె చెంబుతో ముంచి పోస్తుంటే, నేను బకెట్ నిండినప్పుడల్లా వాకిట్లోకి మోసి పారబోశాను. పది పన్నెండు సార్లు తిరిగేసరికి నా చీర కుచ్చిళ్లు తడిసి ముద్దయ్యాయి. గుంటలో నీళ్లు ఒక వేలు దిగినట్టున్నాయి. అన్న పక్కన నిలబడి, గడప దగ్గర జారుతుందని చెబుతూ ఉన్నాడు.

మా పిన్ని వాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చేసరికి బస్సు వేళయింది. కిటికీ పక్కన కూర్చున్నాను. సన్నగా వాన పడుతోంది. అయిదో మెట్టు గుంటలో తిరిగి ఊరే నీటికి ఎంత వేగం పెట్టాలి అని లెక్క వేయడం మొదలుపెట్టాను. ఎక్కువ పెడితే ఆడేవాళ్లు విసుక్కుని లేచిపోతారు. తక్కువ పెడితే గుంట ఇట్టే ఖాళీ అయిపోతుంది, అది అబద్ధం. మూడు చెంబులు ఎత్తిపోస్తే రెండు చెంబులు ఊరితే సరిపోతుందా? మరికల్ దాటింది, దేవరకద్ర కూడా దాటింది. పిన్ని చీరల రంగుల గురించి ఏదో అడుగుతోంది. నేను ఊఁ కొడుతూ, మూడుకు రెండు మరీ ఎక్కువేమో, నాలుగుకు రెండు పెట్టి చూడాలి అనుకుంటున్నాను.